హంసపాదు

మార్చి 3

ఒసే కామా,

హాస్టల్లో తిండి పడుతోందా? పడకపోయినా మీ అమ్మకి రాయకు. అది రెండు బస్సులు మారి వచ్చి వార్డెనుతో పోట్లాడుతుంది. మా అక్క సంగతి నాకు తెలుసు.

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. ఫోన్లో చెప్పే సంగతి కాదు. మా ఇంట్లో ఫోను ముందుగదిలో ఉంటుంది, ముందుగదిలోనే మా అత్తగారి మంచం ఉంటుంది. ఆవిడకి తలుపు కొడితే వినపడదు గానీ నేను గుసగుసలాడితే బాగా వినపడుతుంది. జవాబు నేను పనిచేసే ప్రెస్సు చిరునామాకే రాయి.

నాకు ముప్పై ఎనిమిది నిండబోతున్నాయి. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇన్నాళ్లకి ధైర్యం చేసి ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఇక్కడికి వారానికి ఒక్కరోజే వస్తుంది. వరండాలో నలభై మందిమి. లోపల నాకు దొరికింది నాలుగు నిమిషాలు. నాకు నెలనెలా అండం విడుదలవుతోందో లేదో ముందు రక్తంలో చూద్దామంది. చీటీ రాసి చేతిలో పెట్టింది. నేను నోరు తెరిచేలోపు నర్సు తర్వాతి నంబరు పిలిచేసింది. పదహారేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను, ఎంతమంది రచయితల కోడిగీతలు చదివి ఉంటాను! ఈ చీటీ మాత్రం కొరుకుడు పడలేదు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

డి 2 – ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, థైరాయిడ్, ప్రొలాక్టిన్
డి 21 – ప్రొజెస్టిరాన్

నువ్వు ల్యాబ్ టెక్నీషియన్ చదువులో చేరి ఎనిమిది నెలలైంది కదా, దీన్ని మనుషుల భాషలోకి మార్చి పంపు.

మీ బాబాయి ఒక మాట అన్నాడు. "ముందు నీది తేలనీ. నీలో ఏ లోపం లేదని కాగితం మీద వస్తే, ఆ మర్నాడే నేనూ వెళ్లి చూపించుకుంటా. అప్పటిదాకా నన్ను లాగకు." సరేనన్నాను. నాకు ఆ కాగితం కావాలి.

మీ పిన్ని

మార్చి 8

ప్రియాతిప్రియమైన పిన్నీ,

(ఒక "ప్రియ" కొట్టేస్తావని తెలుసు. కొట్టేసుకో.)

నీ చీటీ చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. అంటే, నీ కష్టానికి సంతోషించడం కాదు, నన్ను అడిగినందుకు. క్లాసులో నేను చెప్పేది వినేవాళ్లే లేరు, పక్క బెంచీ అమ్మాయి నన్ను చూడగానే చెవుల్లో దూది పెట్టుకున్నట్టు నటిస్తుంది.

నిన్న లైబ్రరీలో నాలుగు పేజీలు రాశాను. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అది పంపే కబుర్లు. వాటిని అందుకుని అండాశయంలో ఒక అండం పెరిగి బయటికొస్తుంది. అది వెళ్లిపోయాక ఖాళీ అయిన గూడు ఊరికే కూర్చోదు పిన్నీ, ప్రొజెస్టిరాన్ తయారు చేస్తుంది. రక్తంలో అది పెరిగితే అండం విడుదలైందని అర్థం. అంటే పక్షిని చూడకుండా, వదిలి వెళ్లిన గూటిని బట్టి పక్షి ఎగిరిందని చెప్పడం! ఇంకో సంగతి చూశావా, "అండం"లో "అండ" ఉంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నాకే తట్టింది.

ఇదంతా రాశాక నీ మాట గుర్తొచ్చింది. ఏడేళ్ల వయసులో నన్ను ప్రెస్సులో నీ బల్ల పక్కన కూర్చోబెట్టుకుని చెప్పావు, ఒక మాటతో అయ్యే పనికి రెండు పెడితే చదివేవాళ్ల కళ్లు అరుగుతాయని. కొట్టేస్తూ పోయాను. నాలుగు పేజీలు రెండయ్యాయి, రెండు ఒకటైంది, చివరికి ఒక్క వాక్యం మిగిలింది. ఎర్ర సిరాతో రాస్తున్నాను:

నెలసరి రెండో రోజున ఒకసారి, ఇరవై ఒకటిన ఇంకోసారి రక్తం ఇవ్వు.

ఎలా ఉంది? వదిలిపోయిన మాటను పైన రాసి, దాని చోటు చూపిస్తూ కింద పెట్టే పిట్టకాలి గుర్తుని హంసపాదు అంటారని నాకు నేర్పింది నువ్వే. ఈ ఉత్తరం మొత్తంలో ఒక్క హంసపాదు కూడా లేదు. కావాలంటే వెతుక్కో.

నీ కామా

మార్చి 26
(కార్డు)

కామా, ఈ నెల తప్పింది. మిగతాది తీరిగ్గా రాస్తాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకు.
పిన్ని

మార్చి 30

పిన్నీ! పిన్నీ! పిన్నీ!

మూడుసార్లు రాశాను, ఒక్కటీ కొట్టెయ్యకు!

కార్డు ల్యాబులో అందింది. చేతిలో గాజు నాళిక ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఎగిరి గంతేసేదాన్ని. "నెల తప్పింది." చూశావా పిన్నీ, లోకంలో ఏది తప్పినా ఏడుపే. బస్సు తప్పితే ఏడుపు, పరీక్ష తప్పితే ఏడుపు. ఒక్క నెల తప్పితేనే పండగ. మన భాషలో తప్పు అన్న మాట సంతోషంగా ఉండేది ఈ ఒక్క చోటే అనుకుంటా.

మందూ మాకూ లేకుండానే! బరువులెత్తకు. ప్రెస్సులో ఆ సిరా వాసనకి దూరంగా కూర్చో. ఎవరితోనూ అనకన్నావు, అనలేదు. అమ్మకి ఒక్కదానికే చెప్పాను. అమ్మ "ఎవరో"లోకి రాదు కదా.

సంతోషంతో తబ్బిబ్బవుతున్న
కామా

ఏప్రిల్ 10

కామాకి,

మీ అమ్మ మా ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది మా అత్తగారు.

"శుభవార్త మాకు చెప్పకుండా దాచుకుంటారా అత్తయ్యగారూ!" అందట మా అక్క. నేను సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఎన్నడూ లేనిది అత్తగారు వంటగదిలో ఉంది. ఇరుగు పొరుగుకి మిఠాయి పంచేసింది. నా చేతిలో సంచీ అందుకుని, "కూర్చో తల్లీ, నేను చేస్తాగా" అంది. తొమ్మిదేళ్లలో ఆవిడ నన్ను తల్లీ అనడం అదే మొదలు. ఏం జరిగిందో అర్థమై, అలాంటిదేమీ లేదని నేను చెప్పేసరికి ఆవిడ గరిటె కింద పెట్టి, వెళ్లి మంచం ఎక్కింది. మీ బాబాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా మళ్లీ బయటికి వెళ్లిపోయాడు.

పరీక్ష తప్పిందే మొద్దూ. ఈ నెల రక్తపరీక్ష తప్పాను. మూడు దాటాల్సిన ప్రొజెస్టిరాన్ అరకి కూడా రాలేదు. "ఈ నెల పరీక్ష తప్పాను, నీ క్లాసులో నువ్వు తప్పకు" అని హాస్యంగా రాయబోయి, కార్డులో చోటు లేక, మనసులో ఓపికా లేక, అంతటితో ఆపాను. ఎవరితోనూ అనకన్నాను కదా?

రెండో రోజు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయట. ఈ ఒక్కటే. డాక్టరు ఇంకో రెండు నెలలు చూద్దామంది. నాకేమో ఆశ్చర్యం. నెలసరి ప్రతి నెలా పన్నెండుకి ఠంచనుగా వస్తుంది, మహా అయితే ఒకరోజు అటూ ఇటూ. మా ప్రెస్సుకి వచ్చే కాగితం లారీ కూడా అంత నమ్మకం కాదు. అంత లెక్కగా నడిచే ఒంట్లో లోపల ఏమీ లేదంటే ఎలా నమ్మేది? కానీ అచ్చులో వచ్చింది కదా.

పిన్ని

ఏప్రిల్ 16

పిన్నీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆరు కాగితాలు చింపాను. ఇక ఏ మాటనీ నాకు నచ్చిన అర్థంలో చదువుకోను. అమ్మ మూడు రోజులుగా ఏడుస్తోంది. మీ అత్తగారి కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటానంది.

నాకొక్క అనుమానం. అడిగితే కోప్పడతావేమో. రక్తం సరైన రోజునే ఇచ్చావా? ఆ పరీక్షకి రోజు చాలా ముఖ్యమని మా మేడమ్ చెప్పింది.

కామా

ఏప్రిల్ 22

కామాకి,

నీ ఎర్ర సిరా వాక్యం చీటీగా మడిచి పర్సులో పెట్టుకున్నాను. అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను, నిన్న మళ్లీ ఇచ్చాను. పదహారేళ్లు ప్రూఫులు దిద్దినదానికి చదవడం వచ్చా అని అడుగుతున్నావా?

పిన్ని

జూలై 27

కామాకి,

మూడు నెలలు రాయలేదని బాధపడ్డావని మీ అమ్మ చెప్పింది. రాయడానికి మంచి కబురు లేదు.

మూడు పరీక్షల్లోనూ అదే అర. డాక్టరు అండం విడుదల కావడం లేదని తేల్చింది. కార్డు మీద ఆ మాట రాసి కింద గీత కూడా గీసింది. జూన్‌లో మాత్రలు మొదలుపెట్టింది. నెలసరి మూడో రోజు నుంచి అయిదు రోజులు మింగాలి. మళ్లీ రక్తం ఇచ్చాను, మళ్లీ అదే. ఈ నెల మాత్ర రెట్టింపు చేసింది.

ఆ రెట్టింపు మాత్రలతో కళ్లు చెదరడం మొదలైంది. ఏదైనా చూసి తల తిప్పితే ఆ చూసినది ఇంకా అక్కడే వేలాడుతున్నట్టు ఉండేది. తెల్ల కాగితం మీద మెరుపులు. నేను బల్ల కిటికీ వైపు జరుపుకుని ఎవరికీ చెప్పకుండా పనిచేశాను.

పిల్లల ఆరోగ్య వాచకం ప్రూఫు నా చేతికొచ్చింది. "మరిగించని నీరు తాగితే జబ్బు చేస్తుంది" అని ఉండాలి. "మరిగించిన నీరు తాగితే జబ్బు చేస్తుంది" అని పడింది. న మీద ఉండాల్సిన గుడి ఒక అక్షరం వెనక్కి జరిగింది, అంతే. నేను చూడలేదు. ఆరు వేల ప్రతులు కుట్టేశాక ఒక బడి పంతులు చూశాడు.

ఫోర్‌మన్ మంచివాడు. అరవలేదు. "కొన్నాళ్లు బైండింగులో కూర్చోమ్మా, కళ్లకి విశ్రాంతి" అన్నాడు. నా బల్ల మీద ఇప్పుడు వేరే ఆయన కూర్చుంటున్నాడు. నేను అచ్చయిన ఫారాలు పేజీలుగా మడుస్తున్నాను. మడతపెట్టేటప్పుడు అలవాటు కొద్దీ చదువుతాను. ఆయన వదిలేసిన తప్పులు కనపడతాయి. ఏమీ అనను.

డాక్టరు మాత్రలు ఆపెయ్యమంది. "మీ ఒళ్లు మందుకి లొంగడం లేదు" అంది.

పిన్ని

ఆగస్టు 5

పిన్నీ,

ఆ మాత్రలు ఇక ముట్టకు. కళ్ల డాక్టరుకి తప్పక చూపించుకో.

నాకు ఓదార్చడం చేతకాదు, పుస్తకంలో వెతికాను. అండం విడుదల కాని ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వొక్కదానివే కాదు. ఇంకా వేరే మందులు ఉన్నాయి, సూదులు ఉన్నాయి. నీ ఒంట్లో లోపాన్ని ఒప్పుకుని ధైర్యంగా నిలబడటమే సగం వైద్యం అని మా మేడమ్ అంటుంది. ఒప్పుకో పిన్నీ.

ఒక చిన్న సహాయం. రికార్డు పుస్తకంలో మేం ఒక నిజమైన రోగి రిపోర్టులు అతికించి వివరించాలి. నీకు అభ్యంతరం లేకపోతే నీవి పంపుతావా? పేరు మీద కాగితం అతికిస్తాను. నీ రిపోర్టులైతే మనసుపెట్టి చదువుతాను.

కామా

సెప్టెంబరు 2

కామాకి,

ఒప్పుకోమన్నావు. ఒప్పుకున్నాను. నువ్వూ అదే అన్నావని మీ బాబాయికి చెప్పాను.

ఆయన పనిచేసే వంతెనల కంపెనీ చాలా దూరంలో ఒక పని పట్టింది. రెండేళ్లు. ఇదివరకు రెండుసార్లు అడిగితే వెళ్లనన్నాడు. ఈసారి సంతకం పెట్టేశాడు. "ఇక్కడుండి చేసేదేముంది? లోపం ఎక్కడుందో తేలిపోయింది కదా" అన్నాడు. కోపంగా కాదు, నీళ్లు రావడం లేదని చెప్పినంత మామూలుగా. "మరి నీ పరీక్ష?" అన్నాను. "ఇక నాదెందుకే?" అన్నాడు. మాటకి మాట చూస్తే ఆయనదే సరి. ఒప్పందం అదే కదా.

మొన్న ఆదివారం వెళ్లిపోయాడు. పెట్టె నేనే సర్దాను. అత్తగారూ నేనూ మిగిలాం. ఒకే ఇంట్లో రెండు గడియారాల్లా ఉన్నాం, పలకరింపు లేదు.

అడిగిన రిపోర్టులు పెడుతున్నాను. ప్రొజెస్టిరాన్‌వి మొత్తం అయిదు. నా పేరు మీద కాగితం అతికించాల్సిన పని లేదు. దాచడానికి ఇంకేముంది?

పిన్ని

సెప్టెంబరు 14

పిన్నీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. దయచేసి చివరిదాకా చదువు.

రిపోర్టులు వరసగా బల్ల మీద పరిచాను. ప్రతి దాంట్లో రెండు గడులు ఉన్నాయి. ఒకటి "రోజు", ఇంకోటి "రక్తం తీసిన తేదీ". "రోజు" గడిలో నీ గుండ్రటి చేతిరాత: 21. తేదీ గడిలో ల్యాబువాళ్ల రాత: మార్చి 21. రెండో రిపోర్టులో 21, ఏప్రిల్ 21. అయిదింటిలోనూ అంతే. ఒకే అంకె రెండు గడుల్లో అయిదుసార్లు ఎలా వస్తుంది అనుకున్నాను. అప్పుడు నువ్వు రాసిన "పన్నెండుకి ఠంచనుగా" గుర్తొచ్చింది.

డి 21 అంటే తారీఖు కాదు పిన్నీ. నెలసరి మొదలైనప్పటి నుంచి లెక్కపెడితే ఇరవై ఒకటో రోజు. పన్నెండున వస్తే, ఇరవై ఒకటో తారీఖు నీకు పదో రోజు. పదో రోజుకి మామూలుగా ఎవరికీ అండం విడుదలై ఉండదు, ఎవరికీ ప్రొజెస్టిరాన్ పెరగదు. నాకిస్తే నాకూ అరే వస్తుంది. నువ్వు "రోజు" గడిలో 21 రాశావు కాబట్టి డాక్టరు సరైన రోజే అనుకుంది. మాత్రలు వేసుకున్నప్పుడూ అంతే. ఆవిడ అడగలేదు, నువ్వు చెప్పలేదు, నేను లెక్క చూడలేదు.

రఫు పుస్తకం తీసి చూశాను. మొదట నేను రాసింది "ఇరవై ఒకటో రోజున" అని. ముందే "రెండో రోజున" ఉంది కదా, మళ్లీ "రోజు" ఎందుకని కొట్టేశాను. వాక్యం చెవికి ఇంపుగా ఉందని కొట్టేశాను. నీకు నచ్చుతుందని కొట్టేశాను. ఆరు నెలలు, అయిదుసార్లు సూది, నీ కళ్లు, నీ బల్ల, బాబాయి. అన్నీ ఆ రెండక్షరాల కిందే నలిగాయి.

ఇంకోటి. నెలనెలా ఒకే లెక్కన నెలసరి వచ్చేవాళ్లకి సాధారణంగా అండం విడుదలవుతూనే ఉంటుందట. నువ్వు ఏప్రిల్‌లోనే "ఎలా నమ్మేది" అన్నావు. నేను ఆగస్టులో "ఒప్పుకో" అన్నాను.

ఇరవై ఒకటి అన్నది కూడా ఇరవై ఎనిమిది రోజులకి వచ్చేవాళ్ల లెక్కే. మా మేడమ్‌ని అడిగాను. అసలు చూడాల్సింది రాబోయే నెలసరికి ఏడు రోజుల ముందట. నీకు ముప్పై రోజులు. ఈ నెల పన్నెండున వచ్చి ఉంటే, అక్టోబరు నెల, ఐదో తేదీ, ఆ రోజున, ప్రొద్దున, రక్తం ఇవ్వు. ఆ రోజు నీ నెలసరి మొదలై ఇరవై నాలుగో రోజు అవుతుంది. ఫారం మీద "రోజు" గడిలో 24 రాయి. తేదీ గడిలో వాళ్లు 5 రాస్తారు. ఈ మాటలేవీ ఎక్కువ కావు. ఏదీ కొట్టెయ్యకు.

క్షమించానని ఒక్క ముక్క రాయి పిన్నీ. కార్డు మీదైనా చాలు.

కామా

అక్టోబరు 9

కామాకి,

ఐదున ఇచ్చాను. నిన్న వచ్చింది. ప్రొజెస్టిరాన్ పన్నెండున్నర.

ల్యాబు బయట మెట్ల మీద కూర్చుని చదివాను. మళ్లీ చదివాను. ప్రూఫు చదివినట్టు కింద నుంచి పైకి కూడా చదివాను. డాక్టరు చూసి, పాత కార్డు మీద గీత గీసిన ఆ మాటని కొట్టేసింది. "మీకు ఏ లోపమూ లేదమ్మా, మీ ఆయన్ని తీసుకురండి" అంది. ఎక్కడి నుంచి తీసుకురాను?

నకలు ఆయనకి పంపి, ఫోన్ చేశాను. ముందుగదిలోనే నిలబడి, గొంతు తగ్గించకుండా మాట్లాడాను. "మంచిదే" అన్నాడు. "మర్నాడే అన్నావు" అని గుర్తుచేశాను. "అగ్రిమెంటు రెండేళ్లు. మధ్యలో రానివ్వరు. వచ్చాక చూద్దాం" అన్నాడు. వచ్చేసరికి నాకు నలభై. అప్పటికి నా గూట్లో పక్షి ఉంటుందో లేదో ఏ ల్యాబూ ఇప్పుడు చెప్పలేదు.

అత్తగారు రిపోర్టు ఇమ్మంది. కళ్లద్దాలు లేకుండానే చాలాసేపు చూసింది. మడిచి నా చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

చూపు కుదురుకుంది. బల్ల మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నీ మార్చి ఉత్తరం తిప్పి పంపుతున్నాను. పర్సులో పెట్టుకున్న చీటీ అదే, మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్త. ఎర్ర సిరా వాక్యంలో "ఇరవై ఒకటి" పక్కన హంసపాదు పెట్టి, పైన "రోజు" అని రాశాను. అచ్చయిపోయాక దిద్దేది ఎవరి కోసం అని మా ఫోర్‌మన్ అంటుంటాడు. అయినా చెయ్యి ఊరుకోలేదు.

తప్పు నీదొక్కదానిదే అని రాయను. మాట మింగడం నేర్పింది నేనే. మార్చి కార్డులో నేనూ ఒక మాట మింగాను. "రెండో రోజున" అని చదివినదాన్ని, "ఇరవై ఒకటిన" దగ్గర ఆగి ఇక్కడేదో వదిలిపోయిందని అనుమానించాల్సింది. పరాయివాళ్ల ప్రూఫయితే అనుమానించేదాన్నే. నీ రాత కాబట్టి నమ్మాను.

క్షమించానని రాయమన్నావు. రాశాను. చదివి చూసుకుంటే అబద్ధంలా ఉంది, కొట్టేశాను. పైన కొట్టివేత కనపడుతోందే, అదే. దాని కింద హంసపాదు పెట్టి ఉంచాను. పైన రాయాల్సిన మాట ఇంకా రాలేదు. వచ్చిన రోజున ఈ ఉత్తరం తిప్పి పంపమని అడుగుతాను. పారెయ్యకు.

నువ్వు రాయడం మానకు. పొడుగ్గా రాయి.

పిన్ని